బొమ్మ వెనక చెక్క

వీపులు చూసే పని

ముప్పై నాలుగేళ్లు నేను బొమ్మల వీపులు చూసి బతికాను. ఢిల్లీలో ఒక పెద్ద చిత్రశాల ఉంది, అందులో పాడైన చిత్రాలను బాగుచేసే విభాగం నా ఆఫీసు. పెళ్లిళ్లలోనో చర్చిలోనో ఎవరైనా ఏం చేస్తుంటారని అడిగితే, బొమ్మలు బాగుచేస్తానండీ అనేవాణ్ణి. "అయితే మా పాప బొమ్మ ఒకటి గీసిపెట్టండి అంకుల్" అనేవాళ్లు. నాకు రాదంటే నమ్మేవాళ్లు కాదు. ఆర్ట్ కాలేజీలో చదివిన మాట నిజమే గానీ, ఉద్యోగంలో చేరాక సొంతంగా ఒక్క గీత గీయలేదు. మా పనిలో చెయ్యి ఎంత తక్కువగా కనబడితే అంత మంచి పనివాడని పేరు.

ఈ మధ్య ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఫోన్ చేసి సలహాలు అడుగుతున్నారు. ఏ జిగురు మంచిది, ఏ మిషను కొనాలి, కోర్సు ఎక్కడ చేయాలి అని. వాటికి నాకంటే బాగా జవాబు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నా ప్రమోషన్ల గురించి చెప్పడానికేమీ లేదు, ఆలస్యంగా వచ్చాయి, అంతే. నేను చెప్పగలిగింది నేను చేసిన ఒక తప్పు గురించి. దానివల్ల ఒక మనిషి ముప్పై ఏళ్లపాటు తన కళ్లను తానే నమ్మడం మానేసింది. ఆవిడ చూసింది నిజమేనని నాకు తెలిసేసరికి నా రిటైర్మెంటుకి నాలుగు నెలలే ఉన్నాయి.

దాదా

మాది బాపట్ల దగ్గర. నా భార్య కరుణ నర్సు. ఆమెకు ఢిల్లీలో ఉద్యోగం వస్తే ఆమె వెనకాలే నేనూ రైలెక్కాను. మునిర్కాలో ఒక గది, మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకునేది. ఆర్నెల్లు తిరిగాక నాకు చిత్రశాలలో పని దొరికింది.

మా పెద్దసారు బెంగాలీ ఆయన. పేరు పెట్టి ఎవరూ పిలిచేవాళ్లు కాదు, అందరికీ దాదాయే, అన్నయ్యన్నమాట. నా పేరు ఇమ్మానియేలు. ఆయన నోట్లో అది మానుయేల్ అయింది, అక్కడ చివరిదాకా నేను మానుయేల్‌నే. మొదటిరోజు ఒక చిత్రాన్ని బల్లమీద బోర్లా పడుకోబెట్టి నన్ను పిలిచాడు.

"పహలే పీఠ్ దేఖో, మానుయేల్," అన్నాడు. ముందు వీపు చూడమని.

వారం రోజులు ముఖం చూడనివ్వలేదు. వీపు మీద ఏముంటుంది? దుమ్ము, తుప్పు పట్టిన మేకులు, ఫ్రేము కట్టిన షాపు చీటీ, సాలెగూడు. వారం తర్వాత ఈ బొమ్మ ఎక్కడెక్కడ బతికిందో చెప్పమన్నాడు. ఒకసారి తడిసింది, రెండుసార్లు ఫ్రేము మారింది, చాలాకాలం వంటింటి గోడమీద ఉంది అన్నాను. అప్పుడు ముఖం తిప్పి చూపించాడు. నగలన్నీ పెట్టుకుని కూర్చున్న ఎవరో రాణీగారు. "రాణీగారు వంటింట్లో ఏం చేస్తోంది దాదా?" అంటే ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వుతో నాకు ఉద్యోగం ఖాయమైందని తెలిసింది.

రెండోవారం తుడవడం నేర్పాడు. పుల్లకి దూది చుట్టి, నోట్లో పెట్టి తడిపి, చిటికెన వేలి గోరంత చోటు తుడవాలి. నమ్మండి, పాత మురికి మనిషి ఉమ్ముకి కదిలినంత మెత్తగా మందులకి కదలదు.

"ఇవాళ ఏం చేశారు?" అని కరుణ అడిగింది.

"రాణీగారి చెంపలు ఉమ్ముతో తుడిచాను."

"ఇందుకా మీ నాన్న నిన్ను నాలుగేళ్లు కాలేజీకి పంపింది?" అని, కోపం వచ్చి 'మీరు'లోంచి 'నువ్వు'లోకి దిగింది. కానీ ఆ తర్వాత ఆసుపత్రిలో పక్కన పెట్టేసిన వంకర సూదులు, సన్న ఫోర్సెప్సులు అడిగి తెచ్చి, ఉడకబెట్టి ఇచ్చింది కూడా ఆమే. చిరిగిన కాన్వాసుని పోగుకి పోగు అతకడానికి వాటిని మించిన పనిముట్లు లేవు. ఆ పనిలో నాకు మంచి పేరొచ్చింది. నేను అతికిన చోటు కోసం దాదా భూతద్దం పెట్టుకుని వెతుక్కునేవాడు. ఆ పేరు నా నెత్తికెక్కిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

చెక్క కొట్టడం

ఢిల్లీ గాలి సంగతి ఇక్కడ పనిచేసేవాళ్లకి చెప్పనక్కర్లేదు. మే నెలలో ఆంధీ, అదే దుమ్ముగాలి, లేస్తే తలుపులన్నీ మూసినా బల్లమీద వేలితో పేరు రాసుకోవచ్చు. వానలొస్తే గుడ్డ వదులవుతుంది, చలికాలంలో బిగుసుకుంటుంది, పొగ ఎప్పుడూ ఉంటుంది. బొమ్మకి ముందువైపు రంగు ఉంటుంది, పైన వార్నిషు ఉంటుంది. వెనకవైపు ఒట్టి గుడ్డ. చట్రానికీ గుడ్డకీ మధ్య సందులో బల్లులు గుడ్లు పెట్టిన సందర్భాలు నేనే చూశాను.

అందుకని చేరిన రెండేళ్లకి ప్రతి బొమ్మ వెనకా హార్డ్‌బోర్డు చెక్క కొట్టడం మొదలుపెట్టాను. కొలిచి, కోసి, అంచులు నున్నగా రుద్ది, చుట్టూ పట్టీ అంటించి, సన్న మేకులతో బిగించేవాణ్ణి. చీమ దూరేది కాదు. ఎవరైనా బొమ్మ తిప్పి చూసి "యే మానుయేల్ కా కామ్ హై", ఇది మానుయేల్ పని, అంటే ఆ రోజంతా కాళ్లు నేలమీద ఆనేవి కావు.

మన పనిలో చెడ్డ అలవాటు కన్నా మంచి అలవాటుకే ఎక్కువ భయపడాలని ఇప్పుడు అనిపిస్తోంది. చెడ్డదాన్ని ఎవరో ఒకరు తిట్టి మాన్పిస్తారు. మంచిదాన్ని అందరూ మెచ్చుకుంటారు, ఇంక మనం దాని గురించి ఆలోచించం.

జానెడు ఎడం

ఒక వేసవి చివర కొత్తరకం చిత్రకారులతో ప్రదర్శన పెట్టారు. చదునుగా ఉండే కాన్వాసుతో విసిగిపోయి, బొమ్మ గోడమీంచి బయటికి రావాలి, లోపలికి పోవాలి, చుట్టూ ఉన్న చోటంతా బొమ్మలో భాగం కావాలి అని తంటాలు పడుతున్నవాళ్లు వాళ్లు. ఒకాయన కాన్వాసు వెనకాల బుట్టలు పెట్టి పొట్టలాగా ఉబ్బించాడు. ఇంకొకాయన చట్రాన్ని మధ్యకి మడిచి గది మూలలో ఇరికించాడు. బొమ్మలు తగిలించే భయ్యాలు వాటిని చూసి నవ్వుకునేవాళ్లు. నేనూ నవ్వాను, దాచడం దేనికి.

అందులో ఒకటి కంటోన్మెంటు నుంచి మిలిటరీ ట్రక్కులో వచ్చింది. తలుపంత ఉంటుంది. అది మామూలు కాన్వాసు కూడా కాదు, సైన్యం వాడి వాడి పక్కన పడేసిన టెంటు గుడ్డ. ముందువైపు రంగు దాదాపు లేదు, అక్కడక్కడ మట్టిరంగు పలచగా పూసి ఉంది. నిలువుగా మూడు కోతలు, ఒక్కొక్కటి మూరెడు పైనే. కోతల అంచులు వెనక్కి మడిచి ఉన్నాయి. ఒక పక్క పొడుగునా తాడు దూర్చే ఇత్తడి రింగులు అలాగే ఉంచేశారు. కాగితంలో పేరు చూస్తే రత్నం గారని, ఒక మేజరు గారి భార్య. తెలుగావిడ.

దాదా నేర్పినట్టే బోర్లా పెట్టి వీపు చూశాను. వెనకంతా చిక్కటి ఎర్రరంగు. చట్రం కర్రమీద పెన్సిలుతో తెలుగులో ఒక ముక్క రాసి ఉంది: "గోడకి జానెడు ఎడం."

ఆ విభాగంలో ఆ అక్షరాలు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. నాకు ఎంత సంబరమో! వచ్చినవాళ్లందరికీ చదివి వినిపించాను. మిలిటరీ క్వార్టర్ల గోడలు వానాకాలంలో చెమ్మెక్కుతాయి, అందుకని దూరంగా పెట్టమంటోంది అని అర్థం కూడా చెప్పాను. ఎర్రరంగు చెదలకి పూసిన పూత అన్నాను. రెండిటికీ నా దగ్గర జవాబు ఉంది కాబట్టి ఆవిడని అడగలేదు. కంటోన్మెంటు మా ఆఫీసుకి ఒక్క బస్సు దూరం. దాదా అప్పుడు కంటి ఆపరేషన్ కోసం కలకత్తా వెళ్లి ఉన్నాడు.

ఆవిడ రాసినదాన్ని తు.చ. తప్పకుండా పాటించాను. నా చెయ్యి చాపి జానెడు కొలిచి, నాలుగు కర్రముక్కలు కోసి, నాలుగు మూలలా బిగించాను. బొమ్మ గోడకి సరిగ్గా జానెడు ముందుకి నిలబడుతుంది. దాంతోపాటు కోతల్లోంచి దుమ్ము దూరకుండా, మడిచిన అంచులు పాడవకుండా, వెనకాల నా హార్డ్‌బోర్డు చెక్క కూడా కొట్టాను. అడక్కుండా చేసిన ఉపకారం అది. చట్రం లోతుగా ఉండడం వల్ల పక్కనుంచి చూస్తే చెక్క కనబడదు. ఆ నేర్పు నాదే.

వందేళ్లు

ప్రారంభం రోజు రత్నం గారు భర్తతో వచ్చింది. ముప్పై అయిదు దాటి ఉంటాయి. ఇంకెవరి బొమ్మా చూడకుండా తిన్నగా తన బొమ్మ దగ్గరికి వెళ్లి నిలబడింది. వెనక్కి నాలుగడుగులు వేసి చూసింది. పక్కకి వెళ్లి, వంగి, గోడకీ బొమ్మకీ మధ్య సందు చూసింది. మళ్లీ ముందుకొచ్చి నిలబడింది. నేను వెళ్లి పలకరించాను.

"నమస్కారం మేడమ్. మాది బాపట్ల. మీ బొమ్మ బిగించింది నేనేనండీ."

"అలగా బాబూ."

"మీరు వెనకాల రాసింది చదివాను. సరిగ్గా జానెడు వదిలాను చూడండి. దుమ్ము పడకుండా, చెమ్మ తగలకుండా అంతా బందోబస్తు చేశాను. ఇంక వందేళ్లు దిగుల్లేదు."

"వందేళ్లా," అని కొంచెం నవ్వింది. "జానెడు ఉన్నాది బాబూ. నేనూ చూసినాను. థాంక్స్."

ఆ పక్కన ఎవరో పెద్దమనిషి తన స్నేహితుడితో, "భాయీ, టెంటు చిరిగితే దర్జీకి ఇస్తారు, ఇక్కడికి తెస్తారా?" అని హిందీలో గట్టిగా అన్నాడు. ఇద్దరూ నవ్వారు. మేజరు గారి మొహం కందిపోయింది. ఆవిడ మటుకు భర్త చెయ్యి పట్టుకుని "చలియే" అంది, వెళ్దాం పదండని. వాళ్లు పది నిమిషాలు కూడా ఉండలేదు. కళాకారులు కదా, మాట పడరు అనుకున్నాను.

నెల తర్వాత దాదా వచ్చాడు. టెంటు బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఆవిడని అడిగావా?" అన్నాడు హిందీలో.

"అడగక్కర్లేదు దాదా, వెనకాల రాసే ఉంది. అలాగే చేశాను."

"రాసింది చదివావు. అచ్ఛా," అని వెళ్లిపోయాడు. ఆ రోజు ఆయన కూడా వీపు చూడలేదు. ఆయన మీద నాకు ఇప్పటికీ ఎంతో భక్తి, అయినా ఆ మాట రాయకపోతే ఇది అబద్ధమవుతుంది.

ఆ బొమ్మ ఆరేళ్లు మా వరండా గ్యాలరీలో వేలాడింది. దాని ముందు ఎవరూ ఆగేవాళ్లు కాదు. కోతల్లోంచి చూస్తే మసక మసగ్గా నా చెక్క కనబడేది, చూసినవాళ్లకి అది గోడలాగే ఉండేది. తర్వాత స్టోరులోకి వెళ్లింది. రత్నం గారి పేరు మళ్లీ ఏ ప్రదర్శనలోనూ వినబడలేదు.

మేకులు పీకిన రోజు

దాదా పోయాక ఆయన కుర్చీలో నేను కూర్చున్నాను. ఈలోగా మాకు ఒక సంగతి తెలిసింది. హార్డ్‌బోర్డులోంచి ఏళ్ల తరబడి యాసిడ్ లాంటి పులుపు గాలి ఊరి గుడ్డని తింటుందని. అంటే నేను గర్వంగా కొట్టిన చెక్కలన్నీ తీసి మార్చాలి. రిటైర్మెంటుకి ముందు ఆ పని పూర్తిచేసి పోవాలని స్టోరులోంచి ఒక్కొక్కటే తీయించాను. నా సంతకాలు నేనే చెరుపుకుంటున్నట్టు ఉండేది.

టెంటు బొమ్మ వంతు ఒక మధ్యాహ్నం వచ్చింది. బోర్లా పెట్టి మేకులు పీకాను. చెక్క లేపి పక్కకి తిప్పితే దాని లోపలివైపు మూడు పాలిపోయిన గీతలు కనబడ్డాయి. ఏదో ఒరుసుకుందేమో అని రుద్దాను, పోలేదు. గుడ్డమీద కోతలు ఎక్కడున్నాయో చెక్కమీద గీతలు సరిగ్గా అక్కడే ఉన్నాయి. ఆరేళ్లు వరండాలో వేలాడినప్పుడు కోతల్లోంచి లోపలికి వెళ్లిన వెలుగు, చెక్క దాకా వచ్చి, అక్కడ ఆగి, ఆగిన చోటల్లా చెక్క రంగు మార్చేసింది. అప్పటికీ నాకు పూర్తిగా అర్థం కాలేదు. బల్ల ఖాళీ చేద్దామని బొమ్మని లేపి, కిటికీ పక్కన తెల్లగోడకి వాలుగా ఆనించి, పట్టుకారు కోసం వెనక్కి తిరిగాను.

మళ్లీ ఇటు తిరిగేసరికి గోడ వెలుగుతోంది.

ఎలా చెప్పాలో ఇప్పటికీ తెలియడం లేదు. కిటికీలోంచి వచ్చే ఎండ గోడకీ గుడ్డకీ మధ్య సందులోకి దూరింది. గోడమీద పడి, గుడ్డ వెనకున్న ఎరుపుకి తగిలి, మళ్లీ గోడమీదకి వచ్చింది. గోడ ఎర్రగా, వెచ్చగా అయిపోయింది. మూడు కోతల్లోంచి ఆ ఎరుపు ఇటు చూస్తోంది. గుడ్డ వెనక గోడ ఉందని నాకు తెలుసు, నా చేత్తో ఆనించాను. అయినా నా కంటికి అక్కడ గోడ లేదు. గుడ్డ అవతల ఎంత దూరం ఉందో తెలియని ఒక చోటు ఉంది, అక్కడ అప్పుడే తెల్లవారుతోంది. మబ్బు అడ్డం వస్తే అది మసకబారింది. మబ్బు తొలగితే మళ్లీ లోతు పెరిగింది. ఎండ జరిగేకొద్దీ లోపలి ఎరుపు జరిగింది. వేలెడు మందం కూడా లేని గుడ్డలో అంత చోటు ఎక్కణ్ణించి వచ్చింది?

నేను స్టూలు లాక్కుని దాని ఎదురుగా కూర్చున్నాను. ముప్పై ఏళ్లుగా ఎందరో గొప్పవాళ్ల బొమ్మలు నా బల్లమీద పడుకున్నాయి. దేని ముందూ నేను అలా కూర్చోలేదు. కాసేపటికి ఇంకో సంగతి తట్టింది. ఆవిడ ఆ రోజు పక్కకెళ్లి, వంగి, సందు చూడడం గుర్తొచ్చింది. జానెడు ఉంది. తను రాసినట్టే ఉంది. అయినా వెలుగు లేదు. అంటే ఆవిడ ఏమనుకుని ఉంటుంది?

ఇంటికెళ్లి కరుణకి చెప్పాను. "ఆవిడ ఎక్కడుందో తెలుసుకున్నాను, జనక్‌పురిలో ఉందట. మేజరు గారు పోయారట. ఈ వయసులో వెళ్లి చెబితే ఆవిడకి బాధ తప్ప ఏముంటుంది?" అన్నాను. నిజానికి బాధ గురించి కాదు, భయంతో అన్నాను.

కరుణ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. తలెత్తకుండానే, "చెప్పకపోతే ఇంకో చెక్క కొట్టినట్టేగా?" అంది.

జనక్‌పురి

మొదటి అంతస్తు ఫ్లాటు. రత్నం గారి జుట్టు పూర్తిగా తెల్లబడింది. నన్ను గుర్తుపట్టలేదు. హాల్లో గోడలనిండా పూలకుండీల బొమ్మలు ఉన్నాయి, చక్కగా ఫ్రేము కట్టి. ఆ ఇంటికి వచ్చేవాళ్లెవరూ వాటికి వంక పెట్టలేరు.

"అన్నీ నావే బాబూ," అంది. "స్కూల్లో డ్రాయింగ్ టీచరుగా చేసినాను కదా, పిల్లలకి ఇవే నేర్పీదాన్ని."

"మీ టెంటు బొమ్మ గురించి వచ్చానమ్మా."

"అదింకా ఉన్నాదా? పారీసుంటారనుకున్నాను." కుర్చీ ముందుకి జరుపుకుంది. "ఎడారి పోస్టింగులో క్వార్టరు ముందు పాత టెంటు కట్టుకుని వంట చేసుకునీదాన్ని. దాని లోపల ఎర్ర గుడ్డ ఉండీది. చిరుగుల్లోంచి ఎండ పడితే లోపలంతా ఎర్రగా, ఎంత పెద్దగా అయిపోయీదో! గుడ్డకింద కూర్చున్నట్టుండీది కాదు, ఆకాశంలో కూర్చున్నట్టుండీది. అది అందరికీ చూపిద్దామనుకున్నాను. ఇంట్లో గోడకి పెడితే వచ్చింది బాబూ, ఒట్టు. మీ హాల్లో రాలేదు."

నేను చెక్క గురించి చెప్పాను. ఆవిడకి అర్థం కాలేదు. "చెక్కేటి? జానెడు వదిలినారు కదా?" అంది మళ్లీ మళ్లీ. చివరికి ఆవిడ బల్లమీది పెన్సిలు తీసుకుని ఒక కాగితం మీద గీశాను. ఇది గోడ, ఇది మీ గుడ్డ, ఇదిగో ఇది నేను కొట్టిన చెక్క. ఉద్యోగంలో చేరాక నేను గీసిన మొదటి బొమ్మ అదే.

రత్నం గారు ఆ కాగితం చేతిలోకి తీసుకుంది. గుడ్డ గీతకీ చెక్క గీతకీ మధ్య వేలు పెట్టి చూసింది. వంటింట్లో కుక్కరు కూత వేసింది. లోపలికి వెళ్లింది, స్టవ్వు ఆపిన చప్పుడయింది. వచ్చాక కూర్చోలేదు.

"నా కళ్లదే తప్పనుకున్నాను," అంది. "ఇంట్లో కనబడింది నా ఆశ అనుకున్నాను. జానెడు ఉన్నాది కదా, మీరు సరిగ్గానే పెట్టినారు కదా! అందరూ నవ్వితే వాళ్లు నవ్వింది నిజమే అనుకున్నాను. అప్పట్నుంచి గుడ్డకి కత్తి పెట్టలేదు. ముప్పై ఏళ్లు బాబూ, పూలకుండీలు గీసినాను."

"నన్ను క్షమించండమ్మా."

"అడగడానికి ఒక్క బస్సు ఎక్కలేకపోయినారా?"

ఆవిడ తలుపు తీసింది. "వెళ్లండి. ఇప్పుడు నేను మాటాడలేను," అంది. మెట్లు దిగుతుంటే నాకు ఏడుపొచ్చింది. పిల్లలూ, ఈ పనిలో మీకు కెమికల్స్ చేతిమీద పడొచ్చు, వేళ్లు తెగొచ్చు. వాటికి మందులున్నాయి.

ఆవిడ జానెడు

నేను రిటైరవడానికి పదిరోజుల ముందు ఆఫీసు గేటు దగ్గర్నుంచి ఫోనొచ్చింది, ఎవరో ఆంటీ గొడుగు పట్టుకుని నిలబడ్డారు, మీ పేరు చెబుతున్నారు అని. పరుగెత్తాను.

"చూపించండి," అంది.

వరండా గ్యాలరీలో బొమ్మకి మళ్లీ చోటు అడిగి పెట్టుకున్నాను. కొత్త కర్రముక్కలు కూడా కోసుకుని ఉంచాను. ఆవిడ వాటిని చూసి, "ఇది ఎవరి జానెడు?" అంది. నాదేనన్నాను. తన చెయ్యి చాపి కర్రమీద పెట్టింది. నా జానెడు ఆవిడ జానెడు కన్నా రెండు వేళ్లు ఎక్కువ. అవతల గదిలోకెళ్లి నాలుగు ముక్కలూ ఆవిడ చేతి కొలతకి మళ్లీ కోసుకొచ్చాను. భయ్యాలు ఇద్దరు పట్టుకుని బొమ్మని గోడకి తగిలించారు. పైనున్న దీపం వేశాను.

గోడ మెల్లగా ఎర్రబడింది. ఆ మధ్యాహ్నం కిటికీ పక్కన నేను చూసినదానికన్నా ఇది ఎంతో నిండుగా ఉంది. ఆ రెండు వేళ్ల తేడాతో వెలుగు అంచులదాకా వచ్చి నిలిచింది. మూడు కోతల వెనక, ఎప్పుడూ మేం నడిచే ఆ పాత వరండా గోడ వెనక, ఇంకో చోటు తెరుచుకుంది. తగిలించిన భయ్యాలు నిచ్చెన దింపడం మర్చిపోయారు. వాళ్లలో పెద్దాయన టోపీ తీసి, "దీదీ, ఇస్‌కే పీఛే కమరా హై క్యా?" అని అడిగాడు. వెనకాల గది ఏమైనా ఉందా అని. ఆ వరండాలో ఆయన ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నాడు.

రత్నం గారు దగ్గరికెళ్లి, పక్కనుంచి సందులోకి చెయ్యి పెట్టింది. కోతల్లోంచి ఆవిడ వేళ్లు ఎర్రగా కనబడ్డాయి. ఒక కోతలోంచి ఇంకో కోతలోకి వేళ్లు కదిలాయి.

"ఉన్నాది," అంది. "నేను చూసినాను. ఉన్నాది."

ఆ తర్వాత స్టూలు తెప్పించి కూర్చోబెట్టాను, గంటపైన అలాగే చూస్తూ కూర్చుంది. క్షమించానని ఆవిడ అనలేదు, ఇప్పటిదాకా అనలేదు. నేనూ మళ్లీ అడగలేదు. వెళ్లేముందు మాత్రం, ఆ చెక్క ఎక్కడుందో చూపించమంది. పారేసే సామాన్లలో గోడకి చేర్చి పెట్టి ఉంచాను. తిప్పి చూపించాను. పాలిపోయిన మూడు గీతలమీద వేలు రాస్తూ చాలాసేపు చూసింది.

"ఇది నాకిచ్చీండి," అంది.

కోత

రిటైరై రెండు నెలలయ్యాక ఫోన్ చేసింది.

"బాబూ, చెక్కకి కోత పెట్టాలంటే ఏ రంపం వాడాల? నా కత్తి దిగట్లేదు."

మెట్రోలో రంపం పట్టుకెళ్లనివ్వరు కాబట్టి ఆటో కట్టించుకుని జనక్‌పురి వెళ్లాను. హాల్లో పూలకుండీల బొమ్మలన్నీ దింపి ఒక పక్కన పెట్టేసి ఉన్నాయి. బాల్కనీ తలుపుకి ఎదురుగా నా చెక్క రెండు కుర్చీల మధ్య నిలబెట్టి ఉంది. వెనకవైపు ఎర్రరంగు పూసేసింది, ఇంకా వాసనొస్తోంది. ముందువైపు ఏమీ పూయలేదు. ఆ మూడు గీతలు అలాగే ఉన్నాయి.

"వాటిమీదే కొయ్యండి," అంది.

దేనికీ గీత పడకుండా, చీమ దూరకుండా కాపాడడమే నా బతుకంతా చేసిన పని. ముందు డ్రిల్లుతో చిన్న రంధ్రం చేసి, అందులోంచి సన్న రంపం దూర్చాను. నా చెక్కే, నేనే కొలిచి నున్నగా రుద్దిన చెక్క. పొట్టు రాలింది. మెల్లగా పైకి కోసుకుంటూ వెళ్లాను. బాల్కనీ ఎండ కోతలోంచి దూరి నా చొక్కామీద, తర్వాత నేలమీద పడింది. గీత మసకబారిన చోట ఆగాను.

రత్నం గారు కళ్లజోడు సర్దుకుని వంగి చూసింది.

"అక్కడ ఆగిపోకండి బాబూ," అంది. "వెలుగు ఇంకా పైదాకా వెళ్లినాది, చూడండి."

చూశాను. వెళ్లింది. అక్కడిదాకా కోశాను.